కాంథాపై కనిపించని పేరు: వందేళ్లుగా కోల్‌కతా సూదిపని సంఘాలు ఏం చేస్తున్నాయి?

కోల్‌కతా: గరియాహాట్ బజారులోనో, ఢాకురియాలోని దక్షిణాపణ్ సముదాయంలోనో ఒక కాంథా చీరను చేతిలోకి తీసుకుంటే, దానికి వేలాడే చీటీపై సాధారణంగా మూడు వివరాలు కనిపిస్తాయి: పట్టు రకం, ధర, దుకాణం పేరు. నెలల తరబడి ఆ చీరపై సూది నడిపిన స్త్రీ పేరు మాత్రం ఉండదు. అదే నగరపు దక్షిణ శివారున, జోకా ప్రాంతంలోని గురుసదయ్ మ్యూజియంలో భద్రపరిచిన పాత కాంథాల తీరు వేరు. వాటిలో కొన్నింటిపై కుట్టిన స్త్రీలు తమ పేరును, ఎవరి కోసం కుట్టారో ఆ మాటను దారంతోనే రాసుకున్నారు. అమ్మకానికి కాక ఇంటివారి కోసం కుట్టిన బొంతపై పేరుంది. వేల రూపాయలు పలికే చీరపై పేరు లేదు.

ఈ తేడా ఎలా వచ్చింది? పేరు పోవడానికీ కూలీ తగ్గడానికీ సంబంధం ఏమిటి? గత వందేళ్లలో కోల్‌కతా కేంద్రంగా ఏర్పడిన మహిళా సమితులు, సూదిపని సంఘాలు ఈ పరిస్థితిని ఎంతవరకు మార్చగలిగాయి? బెంగాల్ కాంథా చరిత్రను ఈ ప్రశ్నల వెలుగులో చూస్తే, అది కేవలం ఒక హస్తకళ కథగా మిగలదు.

మన బొంతే వారి కాంథా

'కాంథా' అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. సంస్కృతంలోని 'కంథా' శబ్దం తెలుగులో 'కంథ'గా నిఘంటువులకెక్కింది. దానికి అర్థం బొంత. పాత చీరలను, పంచెలను మడతలుగా పేర్చి, అంచుల వెంట దారం వేసి కలిపి కుట్టే బొంత తెలుగు పల్లెల్లోనూ ప్రతి ఇంటా ఉండేది. బెంగాల్‌లో జరిగిందీ అదే. చిరుగుపట్టిన మెత్తని నూలు చీరలను రెండు మూడు పొరలుగా, చలికాలపు కప్పుకోలు కోసమైతే ఇంకా ఎక్కువ పొరలుగా పరిచి, సూది పైకీ కిందికీ వరుసగా దూకుతూ పోయే రన్నింగ్ స్టిచ్‌తో కుట్టేవారు. దారాన్ని సైతం కొనేవారు కాదు. పాత చీరల రంగుటంచుల నుంచి పోగులు లాగి వాడుకునేవారు.

బెంగాలీలో ఒక సామెత ఉంది. స్తోమతకు మించిన ఆశలు పెట్టుకునేవారిని, చిరిగిన కాంథాపై పడుకొని లక్ష రూపాయల కల కంటున్నారని ఎగతాళి చేస్తారు. అంటే కాంథా ఒకనాడు పేదరికానికి గుర్తు. చైతన్య మహాప్రభువు జీవితాన్ని వర్ణించిన కృష్ణదాస్ కవిరాజ్ 'చైతన్య చరితామృతం'లోనూ కాంథా ప్రస్తావన ఉంది. సన్యాసులు, ఫకీర్లు ధరించిన అతుకుల వస్త్రం కూడా ఇదే.

అయితే బెంగాల్ స్త్రీలు బొంతను బొంతగానే వదిలిపెట్టలేదు. నడుమ శతదళ పద్మం, నాలుగు మూలలా చెట్లు లేదా మామిడి పిందెను పోలిన 'కల్కా' నమూనాలు, మధ్య ఖాళీలలో చేపలు, ఏనుగులు, రథాలు, పల్లకీలు కుట్టారు. రైలు వచ్చాక రైలును, సిపాయిలు కనిపించాక సిపాయిలను కూడా అందులోకి తెచ్చారు. ఇలా చిత్రాలతో నిండినదే 'నక్షీ కాంథా'. కవి జసీముద్దీన్ 1929లో వెలువరించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యంతో ఈ పేరు సాహిత్యంలోనూ స్థిరపడింది.

వాడుకను బట్టి కాంథాలకు వేర్వేరు పేర్లున్నాయి. చలికి కప్పుకొనేది 'లేప్'. మంగళ సందర్భాలలో పరిచేది 'సుజనీ'. పుస్తకాలు, విలువైన వస్తువులు చుట్టిపెట్టే చదరపు గుడ్డ 'బైతన్'. అద్దం, దువ్వెన చుట్టేది 'ఆర్షిలత'. దిండు గలీబు 'ఓయాడ్'. కూర్చునే పీట మీద పరిచేది 'ఆసన్'. పుట్టబోయే బిడ్డకు మెత్తని పాత చీరతో కాంథా సిద్ధం చేయడం బెంగాలీ ఇళ్లలో అమ్మమ్మల పని. హిందూ గృహాల్లోనూ ముస్లిం గృహాల్లోనూ ఈ ఆచారం సమానంగా సాగింది.

దారంతో రాసిన సంతకం

గురుసదయ్ మ్యూజియంలోని కాంథాలలో బాగా ప్రసిద్ధమైనది మానదాసుందరి దాసి కుట్టినది. 19వ శతాబ్దానికి చెందిన ఈ కాంథాను తన తండ్రికి అంకితం చేస్తున్నట్లు ఆమె అందులోనే బెంగాలీ అక్షరాలతో కుట్టారు. సిపాయిలు, దొరలు, దేవతలు అందరూ ఒకే గుడ్డపై కొలువుదీరిన ఆ పని చూస్తే, ఇల్లు దాటే అవకాశం అంతగా లేని కాలంలోనూ ఒక గృహిణి లోకాన్ని ఎంత నిశితంగా గమనించారో తెలుస్తుంది. ఆమె జీవితం గురించి ఏ గ్రంథమూ చెప్పకపోవచ్చు. ఆమె పేరు మాత్రం దారం వల్ల మిగిలింది.

కాంథాలకు కళాచరిత్రలో స్థానం దక్కడానికి కోల్‌కతాలో పనిచేసిన ఇద్దరు ముఖ్య కారకులు. ఒకరు ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ (1882-1941). జిల్లాల్లో ఉద్యోగం చేస్తూ పటచిత్రాలు, చెక్క బొమ్మలు, అచ్చులతో పాటు కాంథాలనూ సేకరించారు. 1932లో ఆయన ప్రారంభించిన బ్రతచారీ ఉద్యమానికి చెందిన స్థలంలోనే 1963లో మ్యూజియం తెరుచుకుంది. మరొకరు ఆస్ట్రియా సామ్రాజ్యంలో పుట్టి, కలకత్తా విశ్వవిద్యాలయంలో భారతీయ కళను బోధించిన స్టెల్లా క్రామ్రిష్. 1939లో ఆమె కాంథాపై రాసిన వ్యాసం ఈ విషయంపై తొలి పండిత రచనలలో ఒకటి. ఆమె సేకరించిన కాంథాలు అమెరికాలోని ఫిలడెల్ఫియా కళా మ్యూజియానికి చేరాయి. అక్కడ 2009లో వాటితో పెద్ద ప్రదర్శన జరిగింది.

సరోజ్ నళిని నాటిన విత్తనం

గురుసదయ్ దత్ కాంథాలను సేకరించకముందే ఆయన భార్య సరోజ్ నళిని దత్ (1887-1925) సూది పట్టిన స్త్రీలను ఒకచోట చేర్చే పని ప్రారంభించారు. భర్త ఉద్యోగరీత్యా ఏ జిల్లాకు వెళితే అక్కడ పరదా చాటున ఉన్న స్త్రీలను కలిసి, వారిచేత మహిళా సమితులు పెట్టించారు. వాటిలో మొదటిది 1913లో పాబ్నాలో ఏర్పడింది. ఇంగ్లండ్ వెళ్లినప్పుడు అక్కడి గ్రామీణ మహిళా సంఘాల పనితీరును కూడా ఆమె పరిశీలించారు.

1925లో ఆమె అకాల మరణం తర్వాత అదే ఏడాది కోల్‌కతాలో సరోజ్ నళిని దత్ స్మారక సంఘం ఏర్పడింది. బెంగాల్ పల్లెల్లోని సమితులకు కేంద్రంగా నిలిచి, కుట్టుపని, నేత వంటి చేతిపనులలో స్త్రీలకు, ముఖ్యంగా జీవనాధారం లేని వితంతువులకు శిక్షణ ఇవ్వడం దాని ప్రధాన కార్యక్రమాలలో ఒకటి. ఆమె జీవితంపై గురుసదయ్ రాసిన పుస్తకానికి రవీంద్రనాథ్ ఠాగూర్ ముందుమాట సమకూర్చారు.

ఈ సమితుల ప్రాధాన్యం కుట్టు నేర్పడంతో ముగియదు. కుట్టు ఆ స్త్రీలకు ముందే తెలుసు. తెలియనిది ఇతరులతో కలిసి కూర్చునే అవకాశం. ఒంటరిగా ఇంట్లో కుట్టే స్త్రీ తన పనిని పనిగా భావించదు. తీరిక సమయపు కాలక్షేపంగా చూస్తుంది, ఇంటివారూ అలాగే చూస్తారు. పదిమంది ఒకచోట కూర్చున్నప్పుడు ఎవరి కుట్టు ఎంత సన్ననిది, ఒక్కొక్క మూలకు ఎన్ని రోజులు పట్టింది, బయట దాని ధర ఎంత అనే మాటలు బయటికి వస్తాయి. కాంథా తర్వాతి చరిత్ర అంతా ఈ కూర్చునే చోటు ఉన్నదా లేదా అన్నదానిపైనే ఆధారపడింది.

ఠాగూర్ 1922లో స్థాపించిన శ్రీనికేతన్ గ్రామ పునర్నిర్మాణ కేంద్రం మరో దారి చూపింది. ఆయన కోడలు ప్రతిమాదేవి, కళాభవన్‌లోని నందలాల్ బోస్ బృందం అందించిన ప్రోత్సాహంతో శాంతినికేతన్ పరిసర గ్రామాల స్త్రీలు కొత్త నమూనాలతో కాంథా పని చేయసాగారు. నేటికీ బీర్భూమ్ జిల్లాలోని బోల్‌పూర్, నానూర్ ప్రాంతాలు ఈ పనికి ప్రసిద్ధం.

విభజన మార్చిన లెక్క

1947 దేశ విభజన కాంథాను రెండు దేశాలకు పంచింది. నక్షీ కాంథాకు పేరుగాంచిన జెస్సోర్, ఫరీద్‌పూర్, ఖుల్నా, రాజ్‌షాహీ తూర్పు పాకిస్థాన్‌లోకి వెళ్లాయి. సరిహద్దు దాటి వచ్చిన లక్షల కుటుంబాలు కోల్‌కతా దక్షిణ, ఉత్తర శివారుల్లో కాలనీలు వేసుకున్నాయి. అంతవరకు ఇంటి కోసమే సూది పట్టిన మధ్యతరగతి స్త్రీలు తొలిసారి కూలి కోసం కుట్టవలసి వచ్చింది. మహిళా సంఘాలు, ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు వారికి పని చూపాయి. తల్లి కూతురికి, అత్త కోడలికి ఇచ్చే కానుకగా ఉన్న కుట్టు, తూకానికీ గడువుకూ లోబడిన సరుకుగా మారడం ఇక్కడే మొదలైంది.

1980ల నుంచి మార్పు వేగం పుంజుకుంది. గణిత పాఠ్యపుస్తకాల రచయిత్రిగా పేరున్న షామ్లు దుదేజా వంటివారు గ్రామీణ స్త్రీలను స్వయం సహాయక బృందాలుగా కూర్చి, వారి పనిని నగరంలోనూ విదేశాల్లోనూ ప్రదర్శించారు. పశ్చిమ బెంగాల్ క్రాఫ్ట్స్ కౌన్సిల్ కూడా పాత నమూనాల పునరుద్ధరణకు పూనుకుంది. కాంథా పాత బొంతను విడిచి టస్సర్ పట్టు చీరపైకి ఎక్కింది.

ఈ మార్పుతో కుట్టు స్వభావమూ మారింది. పలు పొరల మెత్తని గుడ్డపై దగ్గర దగ్గరగా రన్నింగ్ స్టిచ్ వేస్తే గుడ్డ స్వల్పంగా ముడుచుకొని నీటి అలల వంటి గరుకుదనం వస్తుంది. అసలు కాంథా అందం ఆ అలలోనే ఉంది. ఒకే పొర ఉన్న పట్టుపై ఆ అల అంతగా రాదు. అందుచేత అందం నమూనాపైకి, రంగుల మేళవింపుపైకి మళ్లింది. నమూనా గీసేవారికి ప్రాధాన్యం పెరిగింది, కుట్టే చేయి వెనక్కి జరిగింది.

ఒక చీర ఎన్ని చేతులు మారుతుంది?

నేటి కాంథా చీర తయారీ పలువురి మధ్య పంచుకున్న పని. ముందుగా ఒక చిత్రకారుడు నమూనాను ట్రేసింగ్ కాగితంపై గీస్తారు. గీత వెంబడి సూదితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. కాగితాన్ని చీరపై పరిచి, కిరోసిన్‌లో కలిపిన రంగుపొడిని గుడ్డముక్కతో అద్దితే రంధ్రాల గుండా నమూనా చుక్కలుగా దిగుతుంది. తర్వాత రంగు దారాలను ఎంచి, చీరతో పాటు మూటగట్టి పంపుతారు. ఆ మూట నగరం నుంచి మధ్యవర్తి ద్వారా దక్షిణ 24 పరగణాలు, హుగ్లీ, బర్ధమాన్, బీర్భూమ్, ముర్షిదాబాద్ జిల్లాల పల్లెలకు చేరుతుంది. అక్కడ ఒకరో ఇద్దరో స్త్రీలు దారాన్ని పోగులుగా విడదీసి కుట్టడం మొదలుపెడతారు. చీర అంతటా దట్టమైన పని ఉంటే ఆరు నెలలు దాటుతుంది. తిరిగి వచ్చిన చీరను ఉతికి, ఇస్త్రీ చేసి, దుకాణానికి పంపుతారు.

ఇందులో కుట్టే స్త్రీకి నెల జీతం ఉండదు, రోజు కూలీ ఉండదు. చీరకు ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. ఈ పద్ధతిలో దాగి ఉన్న చిక్కును ఒక ఊహాత్మక లెక్కతో అర్థం చేసుకోవచ్చు. ఇంటి పనులు ముగించుకొని రోజుకు ఐదు గంటల చొప్పున 120 రోజులు కుడితే 600 గంటలవుతాయి. ఆ చీరకు 6,000 రూపాయలు ఇస్తే, చేతికి ఒకేసారి వచ్చినందువల్ల అది పెద్ద మొత్తంగానే తోస్తుంది. గంటకు లెక్కిస్తే పది రూపాయలే. గంటలను లెక్కించే అలవాటు లేనంతకాలం ఈ సంగతి ఎవరి కంటా పడదు. నూనె మరక పడినా, గడువు దాటినా అందులో కోత పడే ప్రమాదం సైతం ఆమెదే. మధ్యవర్తి ఒక్కడే నగరంలోని ధరనూ పల్లెలోని కూలీనీ రెండింటినీ ఎరుగుతాడు.

నర్సాపురంలోనూ ఇదే కథ

ఈ పరిస్థితి తెలుగు పాఠకులకు పరాయిది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం పరిసరాల్లో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక అడుగుపెట్టింది. ఇళ్ల అరుగులపై కూర్చొని వేలమంది స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధించి 1982లో వెలువరించిన గ్రంథం ఒక కీలక విషయాన్ని స్పష్టం చేసింది. లేసు అల్లే స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా చూడటమే వారి కూలీ అతి తక్కువగా ఉండటానికి మూలం. పని ఇంట్లో జరుగుతుంది కనుక అది పని కాదన్న భావన ఒక పరిశ్రమకే పునాది అయింది.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు ఆ గుర్తింపు 2008లోనే దక్కింది. ఈ గుర్తింపు ఒక ప్రాంతపు పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతుంది. కుట్టిన మనిషికి ఎంత కూలీ ఇవ్వాలన్నది మాత్రం దాని పరిధిలోకి రాదు. ఊరి పేరుకు రక్షణ ఉంది, మనిషి పేరుకు లేదు. మరోవైపు కాంథా కుట్టును పోలిన ముద్రణతో, యంత్రపు కుట్టుతో వచ్చే చౌక చీరలు అసలు పనివారితో పోటీపడుతున్నాయి. చేతి కుట్టును గుర్తించడానికి చీరను తిరగేసి చూడటమే సులువైన మార్గం. అచ్చు వేసిన చీర వెనుక కుట్టే ఉండదు. యంత్రపు కుట్టు అంతటా ఒకే కొలతలో ఉంటుంది. చేతి కుట్టులో వెనుకవైపు ముడులు, ఒక నమూనా నుంచి మరోదానికి దాటిన పోగులు కనిపిస్తాయి. కుట్టు పొడవు స్వల్పంగా మారుతూ ఉంటుంది.

సోనార్‌పూర్‌లో ఒక జవాబు

సీయాల్దా స్టేషన్ నుంచి దక్షిణానికి వెళ్లే లోకల్ రైలు మార్గంలో సోనార్‌పూర్ ఉంది. 2023లో పద్మశ్రీ అందుకున్న ప్రీతికణ గోస్వామి అక్కడివారే. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన ఆమె కుటుంబ పోషణ కోసం సూది పట్టారు. కుట్టుపని కోసం చీరను ఇంటికి తీసుకెళ్లాలంటే అప్పట్లో 50 రూపాయలు పూచీగా కట్టాలి. ఆ మొత్తం కూడా ఆమె వద్ద లేకపోయింది. అలా ప్రారంభమైన ఆమె ప్రయాణంలో 1990 ఒక మలుపు. పశ్చిమ బెంగాల్ క్రాఫ్ట్స్ కౌన్సిల్‌కు చెందిన రూబీ పాల్‌చౌధురి ప్రోత్సాహంతో ఆమె ఆధ్వర్యంలో కమలాదేవి కాంథా కేంద్రం ఏర్పడింది. స్వతంత్ర భారతంలో హస్తకళల పునరుజ్జీవనానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పేరు దానికి పెట్టారు. 2001లో ప్రీతికణకు జాతీయ పురస్కారం లభించింది. కేంద్రంలో శిక్షణకు ఆమె రుసుము తీసుకోరు.

ఆ మరుసటి ఏడాది, 2024లో, బీర్భూమ్ జిల్లాకు చెందిన తక్దీరా బేగం కూడా కాంథా పనికే పద్మశ్రీ పొందారు. వరుసగా రెండేళ్లు ఒకే కుట్టుకు, రెండు వేర్వేరు నేపథ్యాల స్త్రీలకు ఈ గౌరవం దక్కడం కాంథా చరిత్రకు తగినట్లే ఉంది. ఇద్దరూ తమ పనితో పాటు ఇతర స్త్రీలకు నేర్పడాన్నీ కొనసాగించినవారే.

ఇటువంటి కేంద్రాలు చేసే మేలు మూడు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది జ్ఞానం: నమూనా గీయడం, దాన్ని గుడ్డపైకి దింపడం, రంగుల ఎంపిక కూడా కుట్టేవారికే నేర్పితే వారు కేవలం సూది నడిపే చేతులుగా మిగలరు. రెండవది లెక్క: పదిమంది ఒకచోట పని చేస్తే ఏ నమూనాకు ఎన్ని రోజులు పడుతుందో అందరికీ తెలుస్తుంది, అందువల్ల కూలీ మాట్లాడే వీలుంటుంది. మూడవది తోడు: ఇంట్లో చెప్పుకోలేని కష్టం, ఆసుపత్రి ఖర్చు, పిల్లల చదువు వంటి విషయాలు సూది కదులుతుండగానే చర్చకు వస్తాయి. వందేళ్ల క్రితం సరోజ్ నళిని సమితులు ఏ అవసరం కోసం పుట్టాయో, అది నేటికీ తీరిపోలేదు.

రాష్ట్ర ప్రభుత్వ 'బిశ్వ బంగ్లా' దుకాణాలు, కోల్‌కతాలో జరిగే హస్తకళల మేళాలు, యునెస్కో సహకారంతో 2013లో మొదలైన గ్రామీణ హస్తకళా కేంద్రాల పథకం మధ్యవర్తి లేకుండా అమ్ముకునే దారి కొంత తెరిచాయి. నానూర్ కాంథా ఆ పథకంలో భాగం. మేళాలో తానే దుకాణం పెట్టుకున్న స్త్రీకి కొనుగోలుదారు ముఖం కనిపిస్తుంది. తన పనికి నగరం ఎంత ఇస్తుందో తెలుస్తుంది. అయితే పట్టు కొనడానికి, అమ్ముడుపోయే వరకు నెలల తరబడి ఆగడానికి పెట్టుబడి కావాలి. అది లేనివారికి మధ్యవర్తి మూటే గతి. పరిష్కారం ఎక్కడ ఆగుతోందో ఇక్కడ స్పష్టమవుతుంది.

పేర్లున్న చోటు కూడా ప్రమాదంలోనే

పాత కాంథాలపై ఉన్న పేర్లను కాపాడిన గురుసదయ్ మ్యూజియం సైతం ఇబ్బందుల్లో పడింది. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ నుంచి అందుతూ వచ్చిన ఆర్థిక సాయం 2017లో నిలిచిపోయింది. నూలు గుడ్డకు తేమ, పురుగు, వెలుతురు మూడూ శత్రువులే. కోల్‌కతా వంటి తేమ నగరంలో వందేళ్లు దాటిన కాంథాలను నిలుపుకోవడం నిరంతర శ్రద్ధతోనే సాధ్యం. మ్యూజియం నష్టపోతే పోయేది కేవలం గుడ్డలు కావు. కొత్తగా నేర్చుకునేవారు తిరిగి చూసుకోవలసిన నమూనాలు, తమ పని కింద పేరు రాసుకున్న స్త్రీల సాక్ష్యం పోతాయి.

కాంథాను బతికించడమంటే చీరల అమ్మకాలు పెంచడమే కాదని ఈ చరిత్ర చెబుతోంది. కుట్టిన గంటలకు లెక్క, కూర్చోవడానికి ఒక చోటు, పని కింద ఒక పేరు ఈ మూడూ కలిసి ఉన్నప్పుడే ఆ పని తర్వాతి తరానికి అందుతుంది. తల్లి పడిన శ్రమకు ఫలితం దక్కలేదని చూసిన కూతురు సూదిని పక్కన పెడుతుంది. చీర కొనేవారు ధరతో పాటు దీన్ని కుట్టిందెవరని కూడా దుకాణంలో అడగడం మొదలుపెడితే, చీటీపై నాలుగో వివరానికి చోటు కల్పించడం కష్టమేమీ కాదు. మానదాసుందరి తన పేరు రాసుకోవడానికి ఎవరి అనుమతీ కోసం ఎదురుచూడలేదు. చేతిలో సూది, దారం ఉన్నాయి, రాసుకున్నారు.